కండరాల పట్టువిడుపులు: నియంత్రక ప్రోటీన్లు

కండరం ఎప్పుడు బిగుసుకోవాలి, ఎంత బలంగా బిగుసుకోవాలి, ఎప్పుడు సడలాలి అన్నవి తేల్చే ప్రోటీన్లను నియంత్రక ప్రోటీన్లు అంటారు. బలాన్ని పుట్టించేవి ఆక్టిన్, మయోసిన్ అనే రెండు ప్రోటీన్లు. వాటిని అదుపులో పెట్టేవి ట్రోపోనిన్, ట్రోపోమయోసిన్, మయోసిన్-బైండింగ్ ప్రోటీన్-సి, కాల్మోడ్యులిన్ వంటివి. పాఠ్యపుస్తకాలు సంకోచం ఎలా మొదలవుతుందో పేజీలకొద్దీ చెప్పి, సడలింపును చివర్లో రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. అసలు కష్టమంతా సడలింపులోనే ఉంది. శుద్ధి చేసిన ఆక్టిన్‌ను, మయోసిన్‌ను కణపు ఇంధనమైన ఏటీపీతో కలిపి పరీక్షనాళికలో వదిలేస్తే అవి ఏ ఆజ్ఞా లేకుండానే ఒకదాన్నొకటి పట్టుకొని లాక్కుంటాయి. ఆ పట్టుకు అడ్డుపడటమే నియంత్రక ప్రోటీన్ల ప్రధానమైన పని. అడ్డు కాసేపు తొలగితే అది సంకోచం, మళ్లీ పడితే సడలింపు.

నంద్యాల జిల్లాలో ఈ సంగతిని కళ్లారా చూడగల చోట్లు రెండున్నాయి. తిరునాళ్లలో జరిగే ఎద్దుల బండలాగుడు పోటీలు ఒకటి, ఆళ్లగడ్డ శిల్పుల పనిచోట్లు మరొకటి. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. గుళ్లలో ప్రతిష్ఠించే దేవతా విగ్రహాలు ఇక్కడ తయారవుతాయి. విగ్రహానికి ముక్కూ పెదవీ తీర్చే దశలో శిల్పి చేతుల్ని గమనించండి. ఎడమచేతి వేళ్లు ఉలిని తక్కువ బలంతో, కానీ వదలకుండా పట్టుకొని ఉంటాయి. కుడిచెయ్యి సుత్తిని చిన్నగా ఎత్తి దించుతూ ఉంటుంది. దించేటప్పుడు మోచేతిని చాపే కండరం బిగుసుకుంటే, అంతకు ముందే దాన్ని ముడిచిన కండరం సడలిపోవాలి. సెకనులో పదో వంతు కూడా పట్టని వ్యవధిలో ఇది జరగాలి. సడలడం ఆలస్యమైతే దెబ్బ తడబడుతుంది, పెచ్చు లేచిపోతుంది. అరచేతిలో ఇమిడే సుత్తితో రోజంతా ఒకే తీరు దెబ్బ వేయగలగడానికి బలం ఎంత కావాలో, సమయానికి వదిలే నేర్పూ అంతే కావాలి.

తంతువులు

కండర కణంలో సార్కోమియర్ అనే అరలు వరసగా ఉంటాయి. ఒక్కో అర పొడవు రెండు, రెండున్నర మైక్రాన్లు. అందులో మధ్యన సుమారు 1.6 మైక్రాన్ల పొడవున్న మందపాటి మయోసిన్ తంతువులు, వాటి సందుల్లోకి రెండు వైపుల నుంచీ చొచ్చుకొచ్చే సన్నటి ఆక్టిన్ తంతువులు ఉంటాయి. కండరం పొట్టిగా అయినప్పుడు ఈ తంతువుల్లో ఏదీ కుదించుకుపోదు. ఒకదాని మీదుగా ఒకటి జారుతుంది. 1954 మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో ఈ మాట చెప్పిన వ్యాసాలు రెండు వచ్చాయి. ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె రాసింది ఒకటి. హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసింది మరొకటి. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు.

మందపాటి తంతువు నుంచి బయటికి పొడుచుకొచ్చిన మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి, కొద్ది నానోమీటర్లు లాగి, వదిలి, మళ్లీ పడతాయి. బావిలో చేదను చేతులు మార్చి మార్చి పైకి లాగినట్టే. ప్రతి విడతలోనూ ఒక ఏటీపీ అణువు ఖర్చవుతుంది. అయితే ఆ ఏటీపీ వచ్చి తగులుకోవడం ముందుగా చేసే పని తలను ఆక్టిన్ నుంచి విడదీయడం. ఈ ఒక్క విషయం గుర్తుంటే శవం ఎందుకు కొయ్యబారుతుందో తరువాత తేలిగ్గా అర్థమవుతుంది.

ట్రోపోనిన్ దొరికిన తీరు

కండరానికి కాల్షియం కావాలన్న సంగతి లండన్ కుళాయి నీళ్ల వల్ల బయటపడింది. 1880ల్లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి పరీక్షిస్తున్నాడు. స్వేదనజలం బదులు కుళాయి నీళ్లతో ద్రావణం కలిపినప్పుడు గుండె చక్కగా కొట్టుకుంది. శుద్ధమైన నీళ్లతో కలిపితే ఆగిపోయింది. తేడా నీటిలోని కాల్షియందని 1883లో ఆయన తేల్చాడు. 1947లో హైల్‌బ్రన్, వియెర్‌చిన్‌స్కీ కండర తంతువులోకి నేరుగా కాల్షియం ఎక్కించి, అది ముడుచుకుపోవడం చూపించారు. ఒక్క అయానుకు అంత శక్తి ఎక్కడిదని అప్పట్లో చాలామంది నమ్మలేదు.

నమ్మినవాడు టోక్యోలో సెత్సురో ఎబాషి. ఆయన ముందున్న చిక్కు ఇది: కండరం నుంచి తీసిన ముడి పదార్థం కాల్షియం ఉంటేనే ముడుచుకుంటుంది, అదే ఆక్టిన్, మయోసిన్‌లను బాగా శుద్ధిచేసి కలిపితే కాల్షియంతో పని లేకుండా ముడుచుకుంటుంది. అంటే శుద్ధిచేసేటప్పుడు ఏదో జారిపోతోంది, ఆ జారిపోతున్నదే కాల్షియం మాట వినేది. 1963లో ఆయన ఆ పోగొట్టుకున్న పదార్థాన్ని పట్టుకున్నారు. అందులో ఒక భాగం 1946లోనే కెన్నెత్ బెయిలీ వేరుచేసిన ట్రోపోమయోసిన్. అది దేనికి పనికొస్తుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. రెండోది కొత్త ప్రోటీన్. 1965లో ఎబాషి, అయాకో కొడామా దానికి ట్రోపోనిన్ అని పేరు పెట్టారు. ట్రోపోనిన్‌లో మూడు ముక్కలున్నాయని 1970ల మొదట్లో మారియన్ గ్రీజర్, జాన్ గెర్గెలీ చూపించారు. కాల్షియాన్ని పట్టేది ‘సి’, ఆక్టిన్‌ను అదిమిపెట్టేది ‘ఐ’, ఈ రెంటినీ ట్రోపోమయోసిన్‌కు కట్టి ఉంచేది ‘టి’.

వీటి అమరిక ఇలా ఉంటుంది. ఆక్టిన్ తంతువు పొడవునా ఉన్న గాడిలో ట్రోపోమయోసిన్ పడుకొని ఉంటుంది. ఒక్కో ట్రోపోమయోసిన్ పొడవు 40 నానోమీటర్లు. ఏడు ఆక్టిన్‌ల మీదుగా సాగి, వాటి మీద మయోసిన్ పట్టుకోవలసిన చోటుకు అడ్డంగా ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో ట్రోపోనిన్ కాపలా. కండరం విశ్రాంతిగా ఉన్నప్పుడు కణద్రవంలో కాల్షియం లీటరుకు మైక్రోమోల్‌లో పదో వంతు మాత్రమే. నరం నుంచి సంకేతం రాగానే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచుల తలుపులు తెరుచుకొని, కాల్షియం పది రెట్లకు పైగా పెరుగుతుంది. ట్రోపోనిన్-సి దాన్ని పట్టగానే దాని ఒంట్లో దాగిన ఒక నూనెగుణపు చోటు బయటపడుతుంది. ట్రోపోనిన్-ఐ తోక ఆక్టిన్‌ను వదిలి అక్కడికి వెళ్లి అతుక్కుంటుంది. కట్టు వదులైన ట్రోపోమయోసిన్ పక్కకు జరుగుతుంది, మయోసిన్ పట్టు పడుతుంది.

కాల్షియం ఒక్కటే తలుపు బార్లా తెరవదు. మెకిలప్, గీవ్స్ 1993లో ప్రతిపాదించిన లెక్క ప్రకారం తంతువుకు మూడు స్థితులున్నాయి. కాల్షియం లేనప్పుడు పూర్తిగా అడ్డుపడిన స్థితి. కాల్షియం వచ్చినప్పుడు సగం తెరుచుకున్న స్థితి. ఆ సందులో దూరిన మొదటి మయోసిన్ తలలు ట్రోపోమయోసిన్‌ను ఇంకాస్త నెట్టినప్పుడు పూర్తిగా తెరుచుకున్న స్థితి. ఒక తల పట్టు దొరికించుకుంటే పక్క తలలకూ దారి సుగమమవుతుంది. అందువల్లనే కాల్షియం కొంచెం పెరిగినా బలం చాలా పెరుగుతుంది.

పనిలో చెయ్యి పట్టేస్తే ఈ ప్రోటీన్లలో ఏదో చెడిందని అనుకోనక్కర్లేదు. చాలా మటుకు అలాంటి పట్టులో నరమే ఆగకుండా సంకేతాలు పంపుతుంటుంది; ట్రోపోనిన్ చెప్పినమాట వింటోందంతే.

బండ కదలకముందు

సంక్రాంతి, శివరాత్రి, ఉగాది రోజుల్లో రాయలసీమలో బండలాగుడు పోటీలకు ఒంగోలు జాతి ఎద్దులను దించుతారు. పళ్లను బట్టి విభాగాలు: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి. ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగాయన్నదే లెక్క. చూసేవాళ్లు కేకలు వేసేది బండ పరుగెత్తేటప్పుడు. కండర శాస్త్రానికి ఎక్కువ పనికొచ్చేది అంతకు ముందటి క్షణం. కాడి మెడమీద పడి, గిట్టలు నేలలో దిగి, తొడ కండలు ఉబ్బి, బండ మాత్రం ఇంకా అంగుళం కదలని సమయం అది. అప్పుడు సార్కోమియర్లు దాదాపు పొట్టిగా కావు. అయినా మయోసిన్ తలలు పట్టుతూ, వదులుతూ, మళ్లీ పట్టుతూనే ఉంటాయి, ఏటీపీ కరిగిపోతూనే ఉంటుంది. భౌతికశాస్త్రం లెక్కలో పని సున్నా. ఎద్దు ఒంట్లో ఖర్చు మాత్రం నిజం.

కండరంలో నిలవ ఉన్న ఏటీపీ కొద్ది సెకన్లకే సరిపోతుంది. దాన్ని వెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటిన్. దాని కథలో తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే రంగు పరీక్ష ఒకటి తయారుచేశారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో జీవరసాయన విద్యార్థులు నేటికీ దాన్ని నేర్చుకుంటారు. ఆ పరీక్షను కండరపు సారం మీద చేసినప్పుడు నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. కొలత తప్పిందని పక్కన పెట్టేయలేదు వాళ్లు. ఏదో ఒక పదార్థం తేలిగ్గా విడిపోయే ఫాస్ఫేట్‌ను పట్టుకొని ఉందని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా దాన్ని కనుగొన్నాడు. కండరశక్తికి మూలం లాక్టిక్ ఆమ్లం తయారీయే అన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. 1922 నోబెల్ బహుమతి పొందిన హిల్, మయర్‌హోఫ్‌లదీ ఆ దారే. ఆ నమ్మకం బీటలువారడం ఫాస్ఫోక్రియాటిన్‌తోనే మొదలైంది.

ఎద్దు అలిసిపోవడానికి లాక్టిక్ ఆమ్లాన్ని తిట్టడం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇప్పుడు ఎక్కువ బాధ్యత మోపేది ఫాస్ఫేట్ మీద. ఫాస్ఫోక్రియాటిన్ విడిపోయినకొద్దీ కణంలో ఫాస్ఫేట్ పేరుకుంటుంది. అది మయోసిన్ పట్టు బలాన్ని తగ్గిస్తుంది, తంతువుకు కాల్షియం పట్ల ఉన్న చురుకును మందగింపజేస్తుంది. సంచుల్లోకి చేరి కాల్షియంతో కలిసి గడ్డకట్టడం వల్ల బయటికి వచ్చే కాల్షియమూ తగ్గుతుంది. పోటీ చివరి నిమిషాల్లో చర్నాకోల ఎంత ఝళిపించినా ఎద్దు అడుగు తడబడేది అందుకే.

సడలింపూ ఉచితం కాదు. వదిలిన కాల్షియాన్ని మళ్లీ సంచుల్లోకి తోడిపోసే పంపులు రెండు కాల్షియం అయాన్లకు ఒక ఏటీపీ చొప్పున తీసుకుంటాయి. పనిచేస్తున్న కండరం వాడే ఏటీపీలో మూడో వంతు వరకు ఈ తోడకానికే పోతుంది.

కోసిన మాంసం

జాతరలో పోతును కోసి, ముక్కలు కొట్టి పళ్లెంలో వేశాక కూడా కొన్ని ముక్కలు కాసేపు అదురుతుంటాయి. ఉప్పు చల్లితే అదురు ఎక్కువవుతుంది. పిల్లలు భయపడతారు, పెద్దలు దేవతకు ఆపాదిస్తారు. ఉప్పులోని సోడియం నరాల, కండర కణాల పొరలను రేపుతుంది. కాల్షియం బయటికి వస్తుంది. ఏటీపీ ఇంకా మిగిలి ఉంది గనుక ట్రోపోనిన్ తన పని తాను చేస్తుంది. మెదడుతో దానికి సంబంధమే లేదు.

కొన్ని గంటలకు ఏటీపీ నిండుకుంటుంది. పంపులు ఆగి కాల్షియం కారిపోతుంది, అడ్డు తొలగుతుంది, మయోసిన్ తలలు పట్టుకుంటాయి. వాటిని విడదీయడానికి ఏటీపీ లేదు. కండరం కొయ్యబారేది ఇలా. కోసిన వెంటనే వండిన కూర మెత్తగా ఉండి, మధ్యాహ్నం దాకా ఉంచి వండింది గట్టిపడటం వంటవాళ్లకు తెలిసిన విషయమే. ఒకటి రెండు రోజులు చల్లగా నిలవ ఉంచితే ప్రోటీన్లను కోసే ఎంజైములు ఆ తంతువులను తెంపి మాంసాన్ని మళ్లీ మెత్తబరుస్తాయి.

ట్రోపోనిన్ లేని కండరాలు

రక్తనాళాలు, పేగులు, గర్భాశయం, ఊపిరితిత్తుల గొట్టాల గోడల్లో ఉండే నునుపు కండరాల్లో ట్రోపోనిన్ లేదు. అక్కడ కాల్షియాన్ని పట్టేది కాల్మోడ్యులిన్. అది కైనేజ్ అనే ఒక ఎంజైమును లేపుతుంది, ఆ కైనేజ్ మయోసిన్‌కే ఫాస్ఫేట్ తగిలించి దాన్ని పనికి దించుతుంది. ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైము సడలింపును తెస్తుంది. మందగమనం, కానీ తక్కువ ఖర్చుతో గంటలకొద్దీ నిలబడే పట్టు. రక్తపోటుకు చాలామంది రోజూ వేసుకునే ఆమ్లోడిపిన్ మాత్ర రక్తనాళపు కండరంలోకి కాల్షియం రాకుండా కట్టడి చేస్తుంది. కాల్మోడ్యులిన్‌కు పని తగ్గి నాళం వెడల్పవుతుంది.

ఆల్చిప్పలది ఇంకో దారి. వాటిలో కాల్షియం నేరుగా మయోసిన్ మీదే వాలుతుందని 1970లో కెండ్రిక్-జోన్స్, లేమన్, ఆండ్రూ సెంట్-జార్జీ చూపించారు. ఏటి ఒడ్డున దొరికిన ఆల్చిప్పను వేళ్లతో తెరవబోయి ఓడిపోయినవాళ్లకు ఆ కండరం మొండితనం చెప్పనక్కర్లేదు.

గుండె

గుండె కండరంలో ట్రోపోనిన్-సికి కాల్షియం పట్టే నియంత్రక స్థానం ఒక్కటే, వేగంగా బిగుసుకునే ఒంటి కండరాల్లో రెండు. మామూలు కొట్టుకోవడంలో ఆ ఒక్క స్థానం కూడా పూర్తిగా నిండదు, అవసరానికి పెంచుకునేందుకు జాగా మిగిలి ఉంటుంది. పరుగెత్తినప్పుడో భయపడినప్పుడో అడ్రినలిన్ వల్ల కాల్షియం రాక పెరుగుతుంది. దాంతోపాటే ట్రోపోనిన్-ఐకి ఫాస్ఫేట్ తగిలి, కాల్షియం త్వరగా జారిపోయేలా చేస్తుంది. పంపుల వేగమూ పెరుగుతుంది. గుండె వేగం పెరిగినప్పుడు నిండే వ్యవధి కుంచించుకుపోతుంది గనుక, సడలింపు కూడా వేగం పుంజుకోకపోతే లాభం లేదు.

గుండె కణం చచ్చిపోతే దానిలోని ట్రోపోనిన్ రక్తంలోకి కారుతుంది. గుండెలోని ట్రోపోనిన్-ఐ, టి రకాలు ఒంటి కండరాల్లో ఉండేవాటికి భిన్నం కాబట్టి రోజంతా సుత్తి వేసి కండలు నొప్పెట్టిన శిల్పికీ, గుండెపోటు వచ్చినవాడికీ తేడా తెలుస్తుంది. పాత సీకే (క్రియాటిన్ కైనేజ్) పరీక్షలో ఈ తేడా అంత స్పష్టంగా తెలిసేది కాదు. ట్రోపోనిన్-టి పరీక్షను 1989లో జర్మనీలో హ్యూగో కేటస్ బృందం ప్రవేశపెట్టింది. ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి మొదటి పరీక్షలో ఏమీ కనపడకపోతే కొన్ని గంటల తరువాత మళ్లీ చేస్తారు. ప్రోటీన్ రక్తంలోకి చేరడానికి వ్యవధి కావాలి. మొదటి కాగితం చూసుకొని ఇంటికి బయలుదేరడం ప్రమాదం. మూత్రపిండాల జబ్బు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లలోనూ రక్తంలో ట్రోపోనిన్ పెరగవచ్చు.

సి-ప్రోటీన్, ఉపఖండపు లోపం

అదుపంతా సన్నటి తంతువు మీదే ఉందన్న అభిప్రాయం చాలాకాలం నడిచింది. మందపాటి తంతువు మీద చారల్లా అమరి ఉండే మయోసిన్-బైండింగ్ ప్రోటీన్-సిని 1973లో ఆఫర్, మూస్, స్టార్ వివరించారు. అది మయోసిన్ తలలను వెనక్కి పట్టి ఉంచుతుందనీ, ఫాస్ఫేట్ తగిలితే ఆ పట్టు సడలుతుందనీ తరువాత తేలింది. గుండె గోడలు అసాధారణంగా మందమెక్కే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతికి సార్కోమియర్ జన్యువుల్లోని మార్పులే ప్రధాన కారణమని 1990ల్లో వరసగా బయటపడింది. వాటిలో తరచుగా కనిపించేది సి-ప్రోటీన్ జన్యువే. కుటుంబంలో పడుచు వయసువాళ్లు హఠాత్తుగా చనిపోవడం ఈ జబ్బుకు ఒక గుర్తు. అలాంటి ఇంట్లో మిగిలినవాళ్లు ఒకసారి ఎకో పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఈ జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన ఒక లోపం భారత ఉపఖండంలో విస్తారంగా ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కుమారసామి తంగరాజ్ ఆధ్వర్యంలో జరిగిన పని 2009లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. ఉపఖండపు జనంలో దాదాపు 4 శాతం మందిలో ఈ లోపం ఉందనీ, ఉన్నవాళ్లలో గుండె వైఫల్యం ముప్పు సుమారు ఏడు రెట్లనీ అది చెప్పింది. నూటికి నలుగురంటే ఒక మోస్తరు ఊళ్లో పదుల సంఖ్యలో మనుషులు. పత్రికలు సహజంగానే గుండెలు బాదుకున్నాయి.

తరువాతి పరిశోధన ఆ భయాన్ని చాలా వరకు సవరించింది. 2018లో అమెరికాలోని దక్షిణాసియా సంతతిపైన, 2020లో బ్రిటన్‌లోని రోగులపైన జరిగిన అధ్యయనాలు ఈ లోపంతోపాటు కొందరిలో అదే జన్యువులో అరుదైన రెండో మార్పు కూడా ఉందనీ, జబ్బు ఎక్కువగా దానితో ముడిపడి ఉందనీ చూపించాయి. 25 అక్షరాల లోపం ఒక్కటే ఉన్నవాళ్లలో చాలామంది గుండెలు మామూలుగానే పనిచేస్తాయి. నా దృష్టిలో 2009 నాటి పని విలువ దీనివల్ల తగ్గలేదు. ఈ ఉపఖండపు మనుషుల జన్యువులను ఇక్కడే వెతకాలని అది నిరూపించింది, తరువాతి సవరణలకు దారి వేసింది.

సి-ప్రోటీన్ బలహీనపడితే విశ్రాంతిలో ఉండవలసిన మయోసిన్ తలలు ఎక్కువగా పనిలోకి దిగుతాయి. గుండె అతిగా బిగుసుకుంటుంది, సరిగ్గా సడలదు, ఏటీపీ వృథా అవుతుంది. ఈ అవగాహన మీద తయారైన మావాకామ్టెన్ అనే మందుకు 2022 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. అది మయోసిన్ తలల్లో ఎక్కువ వాటిని విశ్రాంత స్థితిలో కూర్చోబెట్టి, గుండె నుంచి రక్తం బయటికి పోయే దారిలోని అడ్డును తగ్గిస్తుంది. మోతాదు మించితే గుండె కొట్టే బలమే పడిపోతుంది గనుక ఎకో పరీక్షలు చేసుకుంటూ, మోతాదు సరిచూసుకుంటూ ఇస్తారు.